బారువ ఇసకలో జపాను దొర

అన్యాయం జరిగింది బారువ చేపల వాడలోని వరహాలమ్మకి. జరిగింది 1915 కార్తీకంలో. ఎండుచేపల గంప నెత్తినెత్తుకుని సంతకు పోయి ఆమె తిరిగొచ్చేసరికి మొగుడు సింహాద్రి ఇంట్లో లేడు. కలకత్తా పోయాడని నలుగురూ అనుకున్నారు. ఆ తర్వాత కబురూ కాకరకాయా లేదు. ఆరేళ్ళు దాటాక, తెప్ప యజమాని సన్యాసిని మారుమనువాడతానని ఆమె నోరు తెరిచిందో లేదో, సింహాద్రి కోటు తొడుక్కుని ఊడిపడ్డాడు. మొగాడు ఊరొదిలితే అడిగే దిక్కుండదు గాని, ఆడది విడిపించమంటే మాత్రం ఊరంతా పెద్దలే.

ఆ వాడ కట్టుబాటు ఇది. సముద్రం మీద పోయినవాణ్ణి సముద్రం ఎన్నాళ్ళు ఆపితే అన్నాళ్ళూ పెళ్ళాం కాచుకోవాలి. గట్టున ఉండి కూడా గడప తొక్కనివాడైతే కులపెద్ద తమలపాకు నిలువునా చింపి ఆమెను విడిపిస్తాడు. సింహాద్రికిది తెలుసు. అందుకే తాటాకు పందిరి కింద కులపెద్ద పోలారావు కూర్చోగానే, "నన్ను ఓడలు ఆపీసినాయి మావా, నా తప్పేటీ నేదు," అని మొదలెట్టాడు.

"ఏ ఓడలు?" అన్నాడు పోలారావు.

"సెప్తాను, ఇనుకో. కలకత్తాలో దొరల కిలబ్బులో నాకు బంతులేరే పని. టెన్నీసని, నడాన వల కట్టి అటూ ఇటూ బంతి కొడతారు. అక్కడికొక జపానాయన వొచ్చీవోడు, మొరీటా అని, పగలు కంపినీలో గుమస్తా, సాయంత్రం ఆట. మనిషి ఇంతే ఉంటాడు, బేటు ఆయన కంటే పొడుగు. పాపం, కొట్టిన పెతి బంతీ వలకి తగిలీసీది. నాను సూసి సూసి, దొరా, అలా కాదు, ఇసురువల ఇసిరినట్టు మణికట్టు తిప్పండి అన్నాను. తిప్పినాడు. ఆ తరవాత ఏటైనాదో తెలుసా?"

"ఏటైనాది?" అంది ముసలి బుచ్చమ్మ, చుట్ట తీసి పట్టుకుని.

"బంతి వల దాటింది, గోడ దాటింది, గంగ దాటి అవతల గట్టున హావుడా టేసన్లో కదిలిపోతన్న రైల్లో పడ్డాది. మర్నాడు ఆ రైలు మెడ్రాసులో ఆగితే గార్డు బంతి పట్టుకుని, ఇదెవరిదని అడిగినాడట."

పందిరి కింద నవ్వులు. వరహాలమ్మ నవ్వలేదు. పెళ్ళైన కొత్తలో ఇతగాడు జానెడు చేప పట్టుకొచ్చి, పొద్దుగూకేసరికి దాన్ని మూరెడు చేసి, తెల్లారేసరికి అది తెప్పను ఈడ్చుకుపోయిందని చెప్పిన మనిషి. పెద్దలకిది కొత్త. నోళ్ళు వెళ్ళబెట్టుకుని వింటున్నారు. పందిరి బయట వల బాగుచేస్తున్న సన్యాసి కూడా సూది ఆపి, "మరి ఓడెందుకెక్కినావు?" అని అడిగాడు. నీ బతుకే కదరా ఇక్కడ తేలేది, నీకూ కతలే కావాలా, అన్నట్టు వరహాలమ్మ చూసింది అతనివైపు.

"ఎక్కకేటి సేత్తాను? కలకత్తా కప్పు గెలిసీసినాడు, లండను రమ్మన్నారు. సింహాద్రి నేకపోతే బేటు ముట్టనని జపానాయన కూకుండిపోనాడు. లండన్లో పచ్చిక మీద ఆట. అవతలోడు తాటిసెట్టంత మనిషి. బంతి కొడితే మరి కనబడదు, సప్పుడే వొస్తాది. నాను గట్టు మీంచి సైగ సేసినాను. మావోడు కొట్టినాడు సూడు, ఆ బంతి తూరుపుకెల్లి బూమి సుట్టూ తిరిగొచ్చి పడమటి నుంచి అవతలోడి ఈపుకి తగిలింది. రాజుగారు లేచి నిలబడీసినారు."

"రాజుగారే?" అన్నాడు పోలారావు.

"మరేటనుకున్నావు? ఎవరయ్యా నీ గురువని అడిగినారు. ఇంతలో అమిరికా నుంచి పిలుపు. అక్కడ ఆట ఎంతకీ తెమల్దు, పొద్దుగూకిపోతంది. మావోడు బంతి కొట్టి సూర్యుణ్ణి మూరెడు పైకి లేపీసినాడు, వెల్తురులో ఆట గెలిసీసినాడు. ఇంక అక్కడినుంచి ఓడ దిగడం, గెలవడం, ఓడెక్కడం. ఊపిరి తిరిగితే కదా ఇంటికొచ్చీది?"

పోలారావు గడ్డం నిమిరాడు. "పాపం, ఓడ మనిషి అయిపోనాడే. వరాలూ, సముద్రం ఆపినోడికి ఆకు సింపనేం కదమ్మా."

సన్యాసి తల వంచేశాడు. బుచ్చమ్మ కూడా అవునన్నట్టు చుట్ట ఊపింది. ఆరేళ్ళు ఒంటిగా గంప మోసిన మెడ అది. ఈ కోటుగాడి కింద ఇంకా ఎన్నేళ్ళు వంగాలో! ఏడిస్తే పెద్దలు ఓదారుస్తారు, తిడితే కసురుతారు, అంతకుమించి ఏమీ చెయ్యరు. అది ఆమెకు తెలుసు. అందుకని గొంతు మెత్తన చేసుకుంది.

"నిజమే మావా, మా ఆయన గొప్పోడే. ఒక్కటే నాకు ఇచారం. ఆ జపాను దొర దేశాలన్నీ సూసినాడు గానీ మన బారువ ఇసక సూడనేదు. కలకత్తా నుంచి లండను ఎల్లీ ఓడ మన ముందు నుంచే పోతాది. మనూరోడి మాటకి ఓడ ఆపుతారేటి, ఎంత గురువైతే మాత్రం."

సింహాద్రి కోటు సర్దుకున్నాడు.

"ఆపనేదని ఎవులు సెప్పినారు నీకు? కేప్టెన్ని పిలిసి, లంగరు దించీయవయ్యా అన్నాను, దించీసినాడు. పచ్చిక మీద ఎవుడైనా ఆడతాడు, తడిసిన ఇసకలో కాలు ఆనితేనే ఆటగాడు. మావోణ్ణి అలలు దాటీ మసూలా పడవలో దింపి ఇదిగో, ఇక్కడే, ఈ తెప్పల కాడే, ఆరేసిన వల కట్టి ఆడించినాను. నిజం సెప్పాలంటే లండను గెలిసింది బారువ ఇసకే."

"మేం సూడనేదేం?" అంది బుచ్చమ్మ.

"మీరంతా ఏటకెల్లిపోనారు, ఆడోళ్ళు సంతకెల్లిపోనారు. నాను కొట్టిన ఒక బంతి ఎక్కడ పడ్డాదనుకున్నారు? సరిగ్గా మా ఇంటి కప్పు మీద. నానే ఎల్లి నిచ్చెనేసుకుని తీసీసుకున్నాను."

వరహాలమ్మ నెమ్మదిగా అడిగింది. "మరి కిందకి దిగినాక తలుపు కొట్టినావా?"

పోలారావు తమలపాకుల వైపు చెయ్యి చాపాడు. అది చూసి సింహాద్రి గబగబా చేతులూపాడు.

"అది... నవ్వులాటకి అన్నాను మావా. ఓడ ఆగనేదు. అసలు ఓడెక్కనేదు."

"ఎక్కనేదా?" అన్నాడు పోలారావు.

"బంతులేరినమాట నిజం. జపానాయన ఉన్నమాట నిజం. ఆయన లండనెల్లినాడు, నాను కిలబ్బులో ఉండిపోనాను."

"అయితే ఆరేళ్ళూ గట్టునే ఉన్నావు," అంది బుచ్చమ్మ. "హావుడాలో రైలెక్కితే మర్నాటికి మన సోంపేటలో దిగీవోడివి. నీ బంతికి దొరికిన రైలు నీకు దొరకనేదేట్రా?"

సన్యాసి నవ్వాడు. పెద్దలు నవ్వారు. సింహాద్రి మాత్రం, "జపానాయన్నడగండి కావాలంటే," అని గొణిగాడు.

"ఓడెక్కినావంటే మీ ఇంటి కప్పెక్కి దిగి మరీ ఎల్లిపోనావు. ఎక్కనేదంటే గట్టునే కూకున్నావు," అన్నాడు పోలారావు తమలపాకు తీస్తూ. "ఏది కావాలో నువ్వే సెప్పు, దాని మీదే సింపుతాను."

సింహాద్రి కోటు దులుపుకున్నాడు. గుమిగూడిన మొహాలు ఒకసారి చూసుకున్నాడు.

"ఓడెక్కినట్టే రాయించండి," అన్నాడు.

పక్కన కూర్చున్న ఊరి కరణం అలాగే రాశాడు: సింహాద్రి, జపాను దొరతో ఓడ మీద వచ్చి, బారువ ఇసకలో దిగి, ఇంటి గడప తొక్కకుండా వెళ్ళిపోయినందున, వరహాలమ్మకు విడుదల. దుర్మతి నామ సంవత్సరం, 1922 మార్చి 12, ఆదివారం.