అనవసరంగా మోగిన గంట

పెదపాడు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనివాళ్ల భద్రత ఎలా ఉందో చూడడానికి వచ్చిన అధికారి, గేటు దగ్గరే ఒక పనామెను అడిగారు.

“నిన్న ప్రమాదం గంట కొట్టింది నువ్వేనా అమ్మా?”

“నేనేనండి. అమోనియా గ్యాసు లీకైందనుకున్నానండి. అందరూ బయటికి పరుగెత్తారు. తీరా చూస్తే ఏమీ లేదండి. చేపల లారీలన్నీ ఐసు లేక నిలబడిపోయాయి. అందరూ నన్ను తిట్టుకున్నారండి.”

“ఓనరుగారు తిట్టారా?”

“పనిలోంచి తీసేస్తారనుకుంటూనే వచ్చానండి ఇవాళ. ఆయనేమో శుక్రవారం పూజలో కొబ్బరికాయ నా చేతికిచ్చి కొట్టమన్నారు. ఎప్పుడూ ఆయనే కొడతారండి.”

“లీకే లేదుగా! మరెందుకు?”

“నేనూ అదే అడిగానండి. ‘రేపు నిజంగా లీకైతే, గంట కొట్టనా వద్దా అని నువ్వు ఆలోచిస్తూ నిలబడకూడదమ్మా’ అన్నారు.”

“నిన్న నిన్ను తిట్టుకున్నవాళ్లో?”

“నేను కొట్టిన కొబ్బరికాయ ప్రసాదం కళ్లకద్దుకుని తిన్నారండి. ఇదిగోండి, మీకూ ఓ ముక్క.”

అధికారి అడగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. ఆయన బూట్లు విప్పి, రెండు చేతులూ పట్టారు.