మంత్రికి అరువిచ్చిన గొంతు

గా బీరువా మీరు పట్టకుర్రి సార్. నడుము పట్టుకుంటది. కూసోండ్రి జెర.

అయినా ఏంది సార్ గిది? ఎవరో పొరగాళ్లు నవ్విండ్రని ఇన్నేండ్ల ఇల్లు ఖాళీ జేస్తరా ఎవరన్నా? అచ్యుతరామయ్య సార్ లేని తార్నాక ఏం తార్నాక! ఆంధ్ర నుంచి వచ్చి రైల్వేల ఇన్నొద్దులు కొలువు జేసి, ఒక్కణ్ని ఒక్క మాట అనని మనిషి మీరు. తెలంగాణ ఉద్యమం మీ మీద కాదు సార్. “వాళ్లు అడగడంలో న్యాయం ఉందోయ్ సామేలూ” అని నాకు జెప్పింది మీరే గదా?

 సరే. మీరు కట్టలకు దారం చుట్టుకోండ్రి.

గవి చెక్ దేశం సినిమాల సీడీలు గదా? మీదున్నది గదే. మంచుల ట్రాము బొమ్మది. దాన్ని జెర తిరగేసి పెట్టుండ్రి సార్. 

ఇంటర్ తప్పి సీడీల షాపుల కూసునేటోణ్ని. మీ నెత్తి మీద రేకుల రూముల కిరాయికుండేటోణ్ని. నాకు ప్రేగ్ పట్నం చూపించింది మీరే. గా వంతెనలు, గా దీపాలు, ఆడ కురిసే మంచు... షాపు కట్టేసి మీ సోఫాల కూసుంటే, నేనే పొడుగు కోటేసుకొని గా వంతెన మీద నడుస్తున్నట్టుండేది. పక్కన స్వరూప, క్యాంపస్ల చదివే పిల్ల. ఆమెకు చలి పెడ్తున్నట్టు, నా కోటు నేను ఇచ్చినట్టు. నవ్వకుర్రి. మీరు నవ్వుతలేరు, నాకెరుకే.

గా ట్రాము బొమ్మ సినిమాల ప్రేమ యాడుంది? ముఠా నాయకుడొకడు, మంత్రి ఒకడు. వాడు ఊరి భూములు మింగుతుంటడు, వీడు సంతకాలు పెడ్తుంటడు. ఇదేందని అడిగిన పోలీసాయన్ని బదిలీ జేస్తరు. “ఇది ఆ ఒక్క దేశం కథ కాదోయ్” అన్నరు మీరు. గా మాటే పోయి ఉద్యమంల తిరిగే దయాకరన్నకు జెప్పిన. అన్న క్యాంపస్ హాస్టల్ల గోడ మీద సినిమాలేస్తుండె గదా. పొద్దంతా లాఠీలు, టియర్ గ్యాసు. పొద్దుగూకినంక సినిమా.

మాటలేమో చెక్ భాషల. కింద ఇంగ్లీషు అక్షరాలు. చదివేలోపల మాయమైతయి. గందుకే ఒకడు మైకు పట్టుకొని తెలుగుల జెప్పాలె. నేను జెప్త అన్న. ఎందుకన్ననో మీకు వేరే జెప్పాల్నా? స్వరూప ముందు వరసల కూసుంటది.

నాకు ఇంగ్లీషు యాడొస్తది సార్? ఒక్కొక్క సీను ఆపి ఆపి మీరు నేర్పిండ్రు. మీ ఇంటామె అరుంధతమ్మ ఉప్మా పెడ్తుండె, మీరు జెప్తుంటిరి. కథంతా నాకు మీ గొంతులనే ఎక్కింది.

ఆ దినం మొదట్ల బుద్ధిగనే జెప్పిన. ఎవడు విన్నడు? ఎనక నుంచి ముచ్చట్లు, సెల్‌ఫోన్లు. స్వరూప ఆవులించింది. గా ఆవులింతకు నా పానం సగం పోయింది సార్!

గప్పుడు గోడ మీదికి సినిమాల మంత్రి వచ్చిండు. పోలీసాయన ఎదురుంగ నిలబడి జవాబు జెప్పుమంటున్నడు. మంత్రి ఏమంటడో మర్చిపోయిన. మైకు చేతిల ఉన్నది, అందరు నా దిక్కే చూస్తున్నరు. నోట్లకెళ్లి మీ మాట జారింది. కాఫీ గడగడ తాగుతుంటే మీరు నన్ను రోజూ అనే మాట.

“తొందరేముందోయ్! నెమ్మదిగా కానియ్. ముందు కాఫీ పుచ్చుకో.”

మీ లెక్కనే గొంతు సవరించుకొని. మీ లెక్కనే సాగదీసి.

హాలు లేచింది సార్! తెలంగాణ ఎప్పుడిస్తరని అడిగితే పెద్దోళ్లు ఇన్నేండ్లు జెప్పింది గదే గదా, తొందరేముంది అని! ఈలలు, బెంచీలు గుద్దుడు. స్వరూప పడి పడి నవ్వింది. నా దిక్కు తిరిగి నవ్వింది. ఇగ నేను ఆగుతనా? మంత్రి నోరు తెరిచినప్పుడల్లా మీరే. లంచం తీసుకునేది మీరే, భూములు రాసిచ్చేది మీరే, పాపం గా పోలీసాయన్ని బదిలీ జేసేది మీరే.

ఇంటికొచ్చి “మంచిగైంది సార్, చప్పట్లు కొట్టిండ్రు” అన్న. మీరు భుజం తట్టిండ్రు. అరుంధతమ్మ పెరుగన్నం పెట్టింది. తిన్న. ఎట్ల మింగుడువడ్డదో!

తెల్లారినుంచి క్యాంపస్ల గదే మాట. మెస్సుల గదే, ర్యాలీల గదే. మీరు గా దిక్కు పోరు కాబట్టి మీకు తెల్వదు. తెల్వకుంటనే పోతుండె. వంటావార్పు రోజు మీరు గోలీలకని బయటికి రాకపోతే.

చౌరస్తాల రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టిండ్రు గదా. అరుంధతమ్మ బీపీ గోలీల కవరు పట్టుకొని మీరు పక్కకెళ్లి పోతుంటిరి. దయాకరన్నే పిలిచిండు, “పెద్దాయనా, రారి, మాతోని ఇంత తినిపోరి” అని. మీరు చెప్పులిడిచి, పొరగాళ్ల నడుమ బంతిల కూసున్నరు. విస్తరి చుట్టు నీళ్లు తిప్పుకున్నరు. గది చూసి నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ సార్, ఒట్టు.

నాలుగు ముద్దలు తిన్నరో లేదో, వడ్డించేటోడు పప్పు గుమ్మరిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి అన్నరు. “తొందరేముందోయ్ బాబూ, నెమ్మదిగా కానియ్.”

 ఎవడో “మినిస్టర్!” అని కేకేసిండు. ఇగ నవ్వు. బంతి బంతంతా నవ్వు. వాళ్లకేం తెల్సు? సినిమాల గొంతు గోడ మీదికెళ్లి దిగి తమ పక్కన కూసున్నట్టు అనిపించింది, నవ్విండ్రు. మిమ్మల్ని ఎవ్వడు ఒక్క మాట అనలే.

కానీ మీరు లేచిండ్రు.

విస్తరిల అన్నం అట్లనే ఉన్నది. ఎంగిలి చెయ్యి కడుక్కోలే. ఎడమ చేతిల గోలీల కవరు. చెప్పులు తొడుక్కుంటుంటే కాలు రెండుసార్లు తప్పింది. అన్నం ముందలికెళ్లి మనిషిని లేపుడంటే... మా అవ్వ సాలమ్మకు తెలిస్తే నన్ను గడప తొక్కనియ్యదు సార్.

సాయంత్రం అడిగిండ్రు గదా, “నువ్వున్నావా అక్కడ?” అని. షాపుల ఉన్న అన్న.

లేదు. పొయ్యి ఎనక ఉన్న.

గా మొదటి కేక నాది.

స్వరూప నా పక్కనే ఉండె. మీ మాట వినంగనే నా మోచెయ్యి పట్టుకున్నది. గా చెయ్యి ఇంకొంచెం సేపు ఉండాలని అరిచిన సార్. గంతే. వేరే కారణం వెతికిన, దొరకలే. మీరు లేచినంక ఆమె చెయ్యి ఎప్పుడు తీసిందో కూడ నాకు తెల్వదు.

చెప్పిన. ఇగ తిట్టుండ్రి. ఒక దెబ్బ కొట్టుండ్రి. పోతే నేను పోత, వారాసిగూడల మా మామ ఉన్నడు. మీరెందుకు ఊరిడిచి విజయవాడకు పోవాలె?

ఏంది సార్?

విజయవాడ కాదా?

రామంతాపూరా?

గంతేనా! రామంతాపూర్ ఎంత దూరం సార్, గింత దూరం లేదు. మరి గాడ తెలంగాణ లేదా? గాడ ర్యాలీలు తియ్యరా? గాడ పొరగాళ్లు నవ్వరా? గీ గల్లీ ఇడిచి గా గల్లీకి పోతే ఏం తక్కువైతదని సార్ గింత...

ఓ.

గట్ల నా నోటి దిక్కు చూస్తున్నరంటే, నా కేక మీరు గుర్తుపట్టిండ్రు. ఎట్ల పట్టరు, నా గొంతుకు మాటలు నేర్పిందే మీరు. షాపుల ఉన్న అని నేనంటే, తెలిసే తలూపిండ్రు. అవునా?

గిప్పుడూ తలూపుతున్నరు.

గాడ అన్నీ ఉంటయి సార్. నేనొక్కణ్నే ఉండ.