గంటలో కుక్కిన గుడ్డ

అడవికెళ్తూ నడుముకి కట్టుకున్న గంటలో గుడ్డ కుక్కుతావా సుమియే? ఎవరైనా చేసే పనేనా అది? మనిషి అలికిడి విని ఎలుగులు పక్కకి పోవాలనేగా, నేనే ఇంటింటికీ తిరిగి ఆ గంటలు పంచిపెట్టింది!

నాకు తెలుసులే. గంట మోగితే కింది వీధి ఆడాళ్ళు వెనకే వచ్చి, నీ వెదురు మొలకల చోటు కనిపెట్టేస్తారని! మన అకితా కొండల వాళ్ళు ప్రాణమైనా ఇస్తారు గానీ మొలకల చోటు చెప్పరు. కాగితం మిల్లు డైరెక్టరు పెళ్ళానివి, బజార్లో బుట్టెడు కొనుక్కోలేకపోయావా?

నీ ముఖం మీద కప్పిన గుడ్డ తియ్యొద్దన్నాడు హతకెయామా, ఆ వేటగాళ్ళ పెద్ద. తీశాను. ఒక చెంప లేదు. కుడిచెయ్యి మణికట్టు దగ్గరే తెగిపోయింది. అయ్యో, ఈ చేత్తోనేగా పొద్దున నాకు టీ పోశావు!

నిరుడు మా మిల్లులో పనిచేసే సొనొబెని ఎలుగు చంపినప్పుడు వాళ్ళావిడ నా కాలరు పట్టుకుంది, గుర్తుందా? "దాన్ని చంపించండి బాబూ" అని ఒకటే ఏడుపు. ఎలుగుల రక్షణ సంఘానికి పెద్దని కదా, "అడవి దానిదమ్మా, తప్పు దానిది కాదు" అన్నాను. తుపాకులు దించేయించాను. నువ్వు ఆ పూట నాతో మాట్లాడలేదు.

ఇవాళ నేనే వెళ్ళి హతకెయామా ముందు నేలకి నుదురానించాను. చంపమన్నాను.

"ఏ ఎలుగుని డైరెక్టర్ గారూ? అన్నిటికీ పేర్లు పెట్టుకున్నది మీరేగా!" అన్నాడు వాడు. ఎంత మాటన్నాడో చూడు.

వాగు పక్కన పిల్లతల్లి ఎలుగొకటి కనపడింది. మొదటి గుండుకి దవడ ఊడింది. ఊడిన దవడతోనే మీదికొచ్చింది. రెండోది పొట్టలో దిగింది. ఇంకా పాకుతుంటే తుపాకీ లాక్కుని, నేనే, సుమియే, నేనే దాని తలలో కాల్చాను. పిల్ల చెట్టెక్కి పసిబిడ్డలా ఏడుస్తోంది. ఎవరో దాన్నీ గురిపెట్టారు. నేను వద్దనలేదు.

అక్కడే పొట్ట కోయించాను. నీ చెయ్యి దొరికితే నీతోపాటే చితికి పంపుదామని. మోచేతుల దాకా చేతులు పెట్టి కెలికాను. అన్నీ వెదురు మొలకలే.

"ఇది కాదండీ" అన్నాడు హతకెయామా, నా వైపు చూడకుండా. "పాపం, ఇదేం చెయ్యలేదు."

ఆ మాటకి గుండె పగిలి ఏడవాల్సినవాణ్ణి నేను కదే! ఏమన్నానో తెలుసా? నెత్తురు చేతులు గడ్డికి తుడుచుకుని, "అయితే ఇంకోదాన్ని వెతకండి" అన్నాను.