గిర్ని గోడ సున్నం

1938, కామారెడ్డి. బీడీల కార్ఖానా నుంచి పొద్దుగూకక ముందే ఇల్లు చేరిన కూతురిని తల్లి గడపలోనే ఆపింది.

“గీ సున్నమేందే, దినాం కుడి భుజానికే అంటుతది?”

“వడ్ల గిర్ని గోడదవ్వా. సేటు ఆ గోడ కట్టినంక పాత బాట బందైంది. ఇగ సందుల నుంచే రావాలె.”

“సందు నడుమ నడువరాదా?”

“ఎదురంగ అరుగు మీద మొగోళ్లు కూసుంటరు. కాళ్లు అడ్డం జాపుతరు, కొంగు గుంజుతరు. అందుకే కార్ఖాన ఆడోళ్లమందరం గోడను రాసుకుంటనే వస్తం. మా భుజాలంత ఎత్తున గోడకు సున్నం సగం రాలిందిప్పుడు.”

“నీ కాళ్ల పట్టగొలుసులేవి?”

“బుట్టల ఉన్నయి. చప్పుడైతదని సందు మొదట్లనే అందరం తీస్తం.”

“రేపటి సంది మీ అన్నను తోడు పంపుత.”

“అన్న వద్దు.”

“ఎందుకే?”

“అన్న ఆ అరుగు మీదనే ఉంటడు. నేనొస్తె మొఖం తిప్పుకుంటడు. నా ఎనుక మా కార్ఖానల పనిచేసే సాలవ్వ బిడ్డ వస్తె, అందరికంటె ముందుగాల కాలు జాపేది అన్ననే.”

తల్లి తన కొంగుతో ఆ భుజం తుడిచింది.

“గొలుసులు పెట్టుకో. బోసికాళ్లు చూస్తె మీ బాపు అడుగుతడు.”