ఇరవైఏడు వేల అడుగులు

హలో… ఆ, నేనే. బావోషాన్‌నే. చెప్పు తాంగ్ అక్కా.

…షాంఘైలోనే. ఇంకెక్కడుంటాను? మన పారిశుధ్య శాఖ పంపింది ఇక్కడికేగా.

…ఏం చూశానా? వ్యాను చూశాను. లోపల వైపు నుంచి. పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఇందులోనే ఉన్నాను. నలుగురి బ్యాగులు, ఒక ఎర్ర బ్యానరు, నేను.

…శిక్షణా? అయిపోయింది. మూడు రోజుల శిక్షణ పావుగంటలో అయిపోయింది. శిక్షణ కేంద్రం గేటు ముందు బ్యానరు పట్టుకుని తెల్ల చొక్కాల్లో ఒక ఫోటో. వ్యానులో చొక్కాలు మార్చుకుని నీలం చొక్కాల్లో ఒకటి. మళ్లీ మార్చుకుని గళ్ల చొక్కాల్లో ఒకటి. సోమవారం, మంగళవారం, బుధవారం. తీసింది నేనే. మూడింట్లోనూ వెనకాల చెత్తబుట్టలు పడేలా తీశాను. చెత్త వేరుచేయడం మీద శిక్షణ కదా, సాక్ష్యం ఉండాలి.

…హౌ డైరెక్టరా? పడవెక్కాడు. ముగ్గురు సెక్షన్ అధికారుల్నీ వెంటేసుకుని. దానికి ముందు టవరు. టవరుకు ముందు తోట. మధ్యలో ఆవిరి కుడుములు.

…అవును, ఉపడైరెక్టరే. ఆ 'ఉప' ఆయన మొహం మీద అనగలిగినవాళ్లు మన ఆఫీసులో ఎవరున్నారు?

…ఏంటీ? మెల్లిగా చెప్పు. …అడుగులా?

…ఎన్ని?

…ఆగు, చూస్తాను. …ఆ, ఉంది. ఇరవైఏడు వేల నాలుగు వందల పన్నెండు. వరసలో మొదటి పేరు ఆయనదే. రోజంతా హాల్లో కూర్చుని నోట్సు రాసుకుంటున్నానని మధ్యాహ్నం మీకు కబురు పంపిన మనిషి. ఎక్కడ నడిచాడు, బల్ల చుట్టూనా?

…తెలీకేం? ఫోను ఎవరి అడుగులు వాళ్లవి లెక్కేసి అందరికీ చూపిస్తుందని ఆయనకి బాగా తెలుసు. రోజూ మనలో ఎవరు ఎంత తిరిగారో చూసి నిలదీసేది ఆయనేగా. తనవి కూడా లెక్కలో పడతాయని తట్టలేదు.

…చూశాను. రెండో పేరు కూడా చూశాను. కార్యదర్శి మెంగ్ గారు. జిల్లా పార్టీ కార్యదర్శి రెండో స్థానంలో. నాలుగేళ్లలో ఇదే మొదటిసారి అనుకుంటా.

…కాదు, రెండోసారి. నిజమే, చౌ ఉన్నాడు. పాపం, లెక్కల విభాగం చౌ. వాళ్లావిడ ప్రసవమని ఆస్పత్రి వరండాలో తిరిగాడు. కార్యదర్శి గారి కన్నా మూడు వందల అడుగులు ఎక్కువ పడ్డాయి. నెల తిరక్కుండా చెత్తదిబ్బ దగ్గర లారీలు లెక్కపెట్టే పనికి పోయాడు. ఆ బిడ్డకి నడకొచ్చింది. చౌ ఇంకా అక్కడే.

…నువ్వూ అంతేనా? నేనూ అంతే. సాయంత్రం నడకకి వెళితే ఫోను సొరుగులో పెట్టే వెళ్తాను.

…హౌ డైరెక్టరు అడుగుల కింద బొటనవేళ్లు ఎన్ని పడ్డాయి? అరవై మూడు. ఆఫీసంతా మెచ్చుకుందన్నమాట. అందులో నీదీ…? ఊరికే అడిగాను. అందరూ పెట్టాక నువ్వొక్కదానివే పెట్టకపోతే బాగుండదు.

…కార్యదర్శి గారు కూడా పెట్టారా?

…అయిదింటి సమావేశంలో అన్నారా? ఏమన్నారు, ఉన్నదున్నట్టు చెప్పు.

…'ఆ హాలు చాలా పెద్దదై ఉంటుంది.' అంతేనా? నవ్వారా?

…నవ్వలేదు. అయితే అయిపోయింది.

…రేపు తొమ్మిదింటికల్లా వివరణ కావాలా? రాతపూర్వకంగా. సరే, అది హౌ డైరెక్టరు బాధ. నాకేం… ఉండు అక్కా. ఆయనే చేస్తున్నాడు. పెట్టెయ్యకు.

— —

…ఉన్నావా? ఆ. మాట్లాడాను. మాట్లాడటమంటే విన్నాను.

…తెలిసిపోయింది ఆయనకి. పడవ మీదే ఎవరో చెప్పారట. అప్పుడే ఉపాయం కూడా ఆలోచించాడు. పొద్దున తన ఫోను నాకిచ్చి హాల్లోకి వెళ్లాడట. నేను దాన్ని జేబులో వేసుకుని, చెప్పాపెట్టకుండా ఊరు తిరగడానికి పోయానట. ఆ అడుగులు నావట. ఆత్మవిమర్శ పత్రం నేను రాయాలి, నువ్వు టైపు చెయ్యాలి.

…అరవకు, పక్కన వింటారు.

…పోస్టు సంగతి నేనూ అడిగాను. సెక్షన్ ఉపాధికారిగా నా ఫైలు ఈ నెలలోనే కార్యదర్శి గారి బల్ల మీదికి పోయింది కదా అన్నాను. పదకొండేళ్ల తర్వాత పోయింది కదా అన్నాను. వచ్చే ఏడాది చూద్దాం అన్నాడు. పదకొండేళ్లు ఆగినవాడికి పన్నెండోది ఒక లెక్కా అన్నాడు.

…నా ఫోనులో ఎన్నా? మూడు వందల పదకొండు. రెండుసార్లు ఒంటేలుకు దిగాను. దానికీ ఆయన దగ్గర జవాబుంది. నా ఫోను వ్యానులో వదిలేసి పోయానని రాయాలి. ఇక ఇవాళ దాన్ని సీటు మీంచి కదిలించవద్దని చెప్పాడు. ఫోను వ్యానులో ఉన్నమాట నిజమే. దాంతోపాటు నేనూ ఉన్నానని మాత్రం రాయకూడదు.

…కాదంటే ఏమవుతుందో నీకు తెలీదా? ఏడాది చివర నా పనితీరు కాగితం మీద సంతకం ఆయనది. చౌకి తోడు కావాలంటే పంపుతాడు. నీకేం, మార్చిలో రిటైరవుతున్నావు.

…లేదు, కోపం లేదు. కాగితం తీసుకో. రాసుకో.

'లూ బావోషాన్ అనే నేను, నాయకుల నమ్మకాన్ని వమ్ము చేసి, శిక్షణ తరగతి జరుగుతుండగా అనుమతి లేకుండా బయటికి పోయి, షాంఘై నగర దృశ్యాలు తిలకించాను. ఆ సమయంలో హౌ డైరెక్టర్ గారి ఫోను నా జేబులో ఉన్నది.' …ఉన్నది. 'నా సైద్ధాంతిక చైతన్యం బలహీనంగా ఉన్నది.' ఆ పేరా ఎప్పుడూ ఉండేదే, పోయినేడాది ఎవరిదో తీసి అతికించు.

…ఏ దృశ్యాలని అడుగుతారా? సరే, అదీ రాయి. తోటలో మలుపుల వంతెన. నది ఒడ్డున పాత భవనాలు. టవరు. టవరు మీద అద్దాల నేల ఉందట. 'దానిపై నిలబడి కిందికి చూశాను. కింద…'

కింద ఏం కనిపిస్తుంది అక్కా?

…నీకూ తెలీదా? నువ్వూ ఒకసారి వచ్చావుగా, పాత డైరెక్టరు ఉన్నప్పుడు.

…బ్యాగులకి కాపలానా. నువ్వు కూడానా.

…చూసినందుకు శిక్ష వేస్తే పడొచ్చు అక్కా. చూడనిదానికి శిక్ష పడుతూ, అది ఎలా ఉంటుందో నిన్నడిగి రాయిస్తున్నాను. నువ్వేమో నాలాగే ఏదో వ్యానులో కూర్చుని వెళ్లినదానివి.

…కొట్టెయ్. కాదు, చించెయ్. మొత్తం కాగితం.

…ఆ, తెలివిలో ఉండే అంటున్నాను.

…పోస్టు పోతుంది. తెలుసు. చెత్తదిబ్బ దగ్గర చౌ ఒక్కడే ఉన్నాడు, మాటకి మనిషి దొరుకుతాడు.

…ఆ చప్పుడా? వ్యాను తలుపు. డ్రైవరు నూడుల్సు తిని వచ్చాడు. బ్యాగులు ఆయన చూసుకుంటాడు. నది ఇక్కడికి రెండు వీధులేనట. …టవరుకి టికెట్టు దొరకాలి. దొరక్కపోతే కిందినుంచి చూస్తాను.

…హౌ డైరెక్టరే, మళ్లీ చేస్తున్నాడు. మోగనీ.

…సీటు మీద పెట్టలేదు. జేబులోనే ఉంది. లెక్క పడితే పడనీ. రేపు ఎవరడిగినా ఒకటే చెప్తాను. నా ఫోను నా దగ్గరుంది, ఆయన ఫోను ఆయన దగ్గరుంది.

…అక్కా, ఒక్కమాట. కార్యదర్శి గారివి ఇప్పటికి ఎన్ని అడుగులు? చూసి చెప్పు.

…పదిహేను వేల ఆరు వందలు. ఆయన భోంచేసి ఇక కదలడు కదా?

…నావి మూడు వందల నలభై. టైము ఆరున్నర. పర్లేదు, ఊరు పెద్దదే. ఉంటాను.