ముప్ఫైమూడు ఛాతీ చొక్కా

ఏదీ, ఆ సీసా ఇటివ్వు చూద్దాం. జ్ఞాపకశక్తి మాత్రలా. రోజుకి రెండేసుకుంటే మతిమరుపు దగ్గరికి రాదా. ఎవడమ్మా నీకు అంటగట్టింది? ఫోన్లో చూసి తెప్పించావా, సరిపోయింది. నిన్న నిన్ను రెండుసార్లు మీ అమ్మ పేరు పెట్టి పిలిచాననేగా, తాతకి మతి పోతోందని ఈ హడావిడంతా. గుమ్మానికి అడ్డంగా నిలబడి జడ వేసుకుంటుంటే అచ్చం మీ అమ్మలాగే ఉన్నావు, అందుకని పిలిచాను. సరే, రెండోసారికి సాకు లేదు, ఒప్పుకుంటున్నాను. రేపు డాక్టరు దగ్గరికి వస్తాను, కాదనను. ఈ మాత్రలు మాత్రం నాకొద్దు. ఇవి చూస్తే అంగుళాల మామయ్య గుర్తొచ్చాడు. నీకు తెలీదు, నువ్వు పుట్టకముందే పోయాడు. కూర్చో చెప్తాను. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది.

మా మిల్లు గేటుకి ఎదురుగా ఆయన టైలరు కొట్టు. మూడడుగుల వెడల్పు బల్ల, ఒక మిషను, నిలువుటద్దం, అంతే. చుట్టం కాదు పక్కం కాదు. కనపడిన ప్రతివాణ్ణీ అల్లుడూ అని పిలిచేవాడు, అందుకని అందరికీ మామయ్య. మిల్లు మేనేజర్ని కూడా ‘ఏం అల్లుడూ, పొట్ట పెంచావు’ అన్న మనిషి. మెడలో టేపు వేలాడేది గానీ, అది పోలీసు చేతిలో లాఠీ లాంటిది, ఉండాలంతే. మనం మెట్టెక్కుతుండగానే కంటితో కొలిచేసేవాడు. ‘ఛాతీ ముప్ఫైఆరు, భుజం పదిహేడున్నర, ఎడమవైపు కాస్త దిగింది, బస్తాలు ఆ భుజం మీద మోస్తావా?’ అన్నాడు నన్ను మొదటిసారి చూసి. పుస్తకం పెట్టుకోడు. ‘రాసుకునేవాడు గుమాస్తా అల్లుడూ, టైలరు కాదు’ అని పొగరు. మిల్లులో ఆరొందలమంది ఒళ్ళు ఆయన బుర్రలో ఉండేది. ఎవడి చెయ్యి పొడుగో, ఎవడికి మెడ పొట్టో, అన్నీ.

నాకు ఇరవైమూడేళ్ళప్పుడు సమ్మె కట్టాం. మూడు నెలలు. ఇప్పుడు మీరు చేసే ఒకపూట సమ్మెలు కాదు, పొయ్యిలో పిల్లి లేవని సమ్మె. రెండో నెలకి మా చొక్కాలు కొయ్యకి తగిలించినట్టు వేలాడటం మొదలుపెట్టాయి. మేనేజరు మేడ మీద నిలబడి మమ్మల్ని చూసి, ‘ఇంకో పది రోజులు, వాళ్ళే కాళ్ళ మీద పడతారు’ అన్నాడట. ఆ మాట మామయ్య చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే గేటు దగ్గరికొచ్చి, ‘చొక్కాలు విప్పండ్రా అందరూ’ అన్నాడు. పక్కలు విప్పి, లోపలికి పట్టి, మళ్ళీ కుట్టి ఇచ్చాడు. వారం వారం మేం చిక్కేకొద్దీ చొక్కా బిగించేవాడు. మేడ మీంచి చూస్తే అందరం నిండుగా, నిన్ననే తిన్నట్టు ఉండేవాళ్ళం. ‘వీళ్ళకి ఎక్కణ్ణించి వస్తోందిరా తిండి’ అని మేనేజరుకి బెంగ పట్టుకుంది. సమ్మె గెలిచాం. ఆ గెలుపులో యూనియన్ నాయకులకి ఎంత భాగమో తెలీదు గానీ, సగం ఆ సూదిదే అంటాను నేను. అప్పటికి నా ఛాతీ ముప్ఫైమూడు. గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ఏం చెప్తున్నాను... ఆ, మతిమరుపు. అరవైఎనిమిదేళ్ళొచ్చేసరికి మామయ్యకి తేడా మొదలైంది. పోస్ట్‌మాన్ చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాడు. ఆ పోస్ట్‌మాన్ పాపం, ‘ఇలా అయితే సంచీ ఏ చేత్తో పట్టుకోవాలి మామయ్యా’ అని అడిగాడు. ఇంకొకాయన ప్యాంటు గుడ్డ ఆయన తమ్ముడి కొలతకి కత్తిరించాడు. మామయ్య కూతురు బళ్ళో లెక్కల టీచరు. నీళ్ళు నమిలే రకం కాదు. ‘నాన్నా, ఇంకొక్క గుడ్డ పాడైందంటే కత్తెర ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేస్తాను, కొట్టూ మూసేస్తాను’ అంది. ఆవిడకేం కక్ష కాదు, నలుగురూ నవ్వుతుంటే ఓర్చుకోలేక. మామయ్య ఆ రోజు అన్నం తినలేదు. ‘కత్తెర పోతే ఈ చేతులు ఎక్కడ పెట్టుకోనురా అల్లుడూ’ అన్నాడు నాతో.

నేనే లాక్కెళ్ళాను డాక్టరమ్మ దగ్గరికి. అప్పుడూ దారిలో ఎవడో ఇలాంటి సీసాలే అమ్ముతున్నాడు, మామయ్య ఒకటి కొని జేబులో పెట్టుకున్నాడు. డాక్టరమ్మ అది చూసి చెత్తబుట్టలో వేసింది. బీపీ చూసి, బీడీ మానమంది, ఉప్పు తగ్గించమంది. చెవులు చూసి, ‘సగం మాటలు మీకు వినపడక మర్చిపోతున్నారు తాతగారూ, వినపడని మాట గుర్తెలా ఉంటుంది’ అంది. రోజూ నడవమంది, కంటినిండా నిద్రపొమ్మంది, ఒంటరిగా కూర్చోవద్దంది. ఆఖర్న, ‘తెలిసిన పనే చేస్తుంటే మెదడు కునుకు తీస్తుంది, ఏదైనా కొత్తది నేర్చుకోండి’ అంది. అంతే, మా ప్రాణానికొచ్చింది. అరవైఎనిమిదేళ్ళ మనిషి సైకిలు నేర్చుకుంటానన్నాడు. వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తింది ఎవరనుకున్నావు, నేనే. ‘వదలకురా అల్లుడూ, వదలకు’ అంటూ ఊరంతా తిప్పాడు. నేను వదిలేసి అరగంటైనా వదలకు అంటూనే ఉన్నాడు. పాత పేపర్లు ఎడమచేత్తో కత్తిరించడం మొదలుపెట్టాడు. నెలకల్లా మనిషి తేటపడ్డాడు. కానీ టేపు మాత్రం మెడలోంచి తీయడు, పుస్తకం పెట్టడు. ఆ పొగరు ఏ డాక్టరుకీ లొంగలేదు.

అప్పుడు యూనియన్ సభలో నేను మాట్లాడాల్సొచ్చి ఒక తెల్ల చొక్కా కుట్టమన్నాను. అప్పటికి నాకు నలభైఎనిమిది, పొట్టా బాగానే వచ్చింది. చొక్కా వేసి చూద్దామని వెళ్ళేసరికి కూతురు అక్కడే ఉంది, జవాబు పేపర్లు దిద్దుకుంటూ. వేసుకున్నాను. భుజాలు దేవుడు కుట్టినట్టు సరిపోయాయి. కిందికొచ్చేసరికి గుండీకీ కాజాకీ మధ్య బెత్తెడు దూరం. నాకు అర్థమైపోయింది, ముప్ఫైమూడు. పాతికేళ్ళ కిందటి ఆకలి నా ఒళ్ళు ఎప్పుడో మర్చిపోయింది గానీ, ఆయన బుర్ర మర్చిపోలేదు.

ఏం చెయ్యను. అద్దం వైపు తిరిగి ఊపిరి లోపలికి లాగి, పొట్ట వెన్నుకి అంటించి, ఐదు గుండీలూ పెట్టేశాను. టీచరమ్మ పెన్ను ఆపి, ‘సరిపోయిందా?’ అంది. ఊపిరి వదిలితేగా మాట్లాడేది. తల ఊపాను. ‘చెయ్యెత్తండి’ అంది. ఎత్తాను. ‘సభలో మాట్లాడాలిగా, ఒక్క ముక్క మాట్లాడండి’ అంది. రాక్షసి. ‘కామ్రేడ్స్’ అన్నాను, అంతే, మూడో గుండీ లేచిపోయి అద్దానికి తగిలి ఠంగుమంది. ఎవరూ నవ్వలేదు. మామయ్య నా వెనక నిలబడి అద్దంలో నన్నే చూస్తున్నాడు. ‘వదిలెయ్యరా ఊపిరి, చస్తావు’ అన్నాడు మెల్లిగా. టీచరమ్మ లేచింది. కత్తెర బల్ల మీదే ఉంది. ఆవిడ చెయ్యి దాని మీదికి పోతోంది, నేను కళ్ళారా చూశాను.

మామయ్య మెడలో టేపు తీశాడు. నాకు తెలిసి అదే మొదటిసారి. నా పొట్ట చుట్టూ వేసి, కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, ‘ముప్ఫైతొమ్మిది’ అన్నాడు. తర్వాత కూతురి వైపు చూడకుండా, ‘రాయమ్మా’ అన్నాడు.

ఆవిడ చెయ్యి కత్తెర మీంచి పెన్ను మీదికి పోయింది. జవాబు పేపరు వెనక రాసింది. రాస్తుంటే ముక్కు ఎగబీలుస్తోంది.

ఇంకేముంది, ఆ రోజునుంచి బడి అవగానే కొట్లో కూర్చునేది. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది, ‘ముందు కంటితో చెప్పు నాన్నా, తర్వాత టేపు పెట్టు’ అని పరీక్ష పెట్టేది, మార్కులేసేది. అరంగుళం తేడా వస్తే ఒక మార్కు కోత. ‘తొంభైరెండొచ్చాయిరా అల్లుడూ ఈ వారం’ అని వీధిలో చెప్పుకుని తిరిగేవాడు. పదకొండేళ్ళు కుట్టాడమ్మా ఇంకా. గుడ్డ పాడు చేశాడని మళ్ళీ ఎవరూ అనలేదు.

ఆఖరి రెండు నెలలూ మాత్రం మంచం మీదే. నేను వెళ్ళాను. ‘ఎవరో గుర్తుపట్టావా నాన్నా’ అని అడిగింది కూతురు. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. గుర్తుపట్టలేదు. నేను మంచం పక్కన కూర్చుని, వంగి దుప్పటి సర్దాను. అప్పుడు చెయ్యి ఎత్తి నా భుజం పట్టుకున్నాడు. ఈ ఎముక నుంచి ఆ ఎముకదాకా వేళ్ళతో జరుపుకుంటూ పోయాడు. ‘పదిహేడున్నర’ అన్నాడు. ‘ఎడమవైపు దిగింది. మన మిల్లువాడే.’

...

ఏంటలా చూస్తున్నావు. ఆ సీసాలో మాత్రలు పారబోసి సీసా ఇలా తే, మూత గట్టిగా ఉంది. ఆ పై అరలో అగ్గిపెట్టెలో ఒక తెల్ల గుండీ ఉంటుంది చూడు, అది ఇందులో వేద్దాం.