మబ్బును లాగిన ఫోను

ఆళ్లగడ్డలో రోడ్డుకు ఒక పక్క సుబ్బలక్ష్మమ్మ టీ అంగడి, ఎదురుగా శిల్పి రంగ పనిచేసే షెడ్డు. షెడ్డులో రాయి కోసే మిషన్ మొదలైతే అంగట్లో మాట వినబడాలంటే ఎవరైనా గొంతు పెంచాల్సిందే. రోజూ అక్కడ కబుర్లు చెప్పే కృపావరానికి మాత్రం ఆ అవసరం లేదు. ఆయన గొంతు ఎప్పుడూ పెంచే ఉంటుంది.

ఆ పొద్దున అవుకు నుంచి వచ్చిన బస్సు దిగిన బాలమ్మను రంగ అంగట్లో బెంచీ మీద కూర్చోబెట్టాడు. షెడ్డులో తయారవుతున్నది చనిపోయిన ఆమె భర్త స్టీఫెన్ సార్ విగ్రహం. సార్ దగ్గర చదువుకున్నవాళ్లు కమిటీగా కూడి, ఆయన పనిచేసిన బడి ముందర నిలబెట్టాలనుకున్నారు. బస్సులో తల తిరిగిందని, ఒక టీ తాగి రాయి చూస్తానని బాలమ్మ అంది.

రంగ సార్‌ను ఎన్నడూ చూడలేదు. కమిటీ తరఫున కృపావరం తెచ్చిచ్చిన పెద్ద ఫోటో కాగితమే అతనికి ఆధారం. దాన్ని చూసే రాతి మీద ఎర్రగీతలు గీశాడు. మనిషి నిలబడి కుడిచేత్తో సుద్దముక్క పైకెత్తి, ఎడమచేత్తో పలక పట్టుకున్నట్టు. ఎడమ భుజం మీద ఉన్న రాయి పనికిరాదు కాబట్టి ముందు దాన్ని కోసి తీసేయమని తన దగ్గర పనిచేసే అజయ్ కుమార్‌కు చెప్పి వచ్చాడు. ఫోటో కాగితం చుట్టి ఒళ్లో పెట్టుకుని, రోడ్డవతల మిషన్ శబ్దం వింటూ కూర్చున్నాడు. అంత మచ్చలేని రాయి మళ్లీ దొరకదు. ఒకసారి కోస్తే అతికేదీ కాదు.

కృపావరం జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఫోను అనుకుంటాండారు మీరు. తీగ తగిలిస్తే కంప్యూటర్. నంద్యాలలో మా కూతురు రెబెకా ఇంట్లో టీవీకి తగిలిస్తి. టీవీ నిండుకూ కంప్యూటర్ వచ్చి కూచ్చుండె. ఈడ కీబోర్డు, ఈడ మౌసు."

"మా మరిది ఫోన్లో గూడా వస్తాదంట," అంది సుబ్బలక్ష్మమ్మ గ్లాసులు కడుగుతూ.

"వచ్చేది వేరేమ్మా, నిలిచేది వేరే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధిలో ఉండే కంప్యూటర్లన్నీ ఆ పొద్దే చెడిపోయినాయి. జిరాక్సు అంగడోడు, పెండ్లి వీడియోలోడు, అందరూ తీగలు పట్టుకోని మా కూతురు ఇంటి ముందర నిలబడిరి. అన్నీ దీనికే తగిలించినా. అంతలో కరెంటు పాయె. అయినా ఇది ఆగిందా? టీవీ నడిపె, ఫ్రిజ్జు నడిపె, పక్కింటోళ్ల బోరు మోటారు గూడా నడిపె."

"బోరులో నీళ్లు వచ్చినాయా అన్నా?" బెంచీ చివరనుంచి ఎవరో అడిగారు.

"నీళ్లా? గొంతు దాకా వచ్చినాయి. చాలక నేనేం చేసినా? మ్యాపు తెరిస్తి. పాణ్యం మీద మబ్బు ఒకటి ఊరికే తిరుగుతాండాది. మౌసుతో దాని చెవి పట్టి లాగినా. లాగి లాగి, తెచ్చి ఆళ్లగడ్డ మీద ఇడిసినా."

"నువ్వేనా అప్పా నా వడియాలు తడిపింది?" అంది సుబ్బలక్ష్మమ్మ.

అంగడంతా నవ్వింది. రంగ కూడా నవ్వాడు.

"నవ్వండి. ఈ రంగ ఒళ్లో ఉండే ఫోటో ఎవురు చేసినారనుకున్నారు? కమిటీ వాళ్లిచ్చింది పాత ఫోటో. సార్ ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకోని ఉండాడు. యాడైనా అక్షరాన్ని ఎడమచేత్తో రాస్తారా? బడి ముందర పెట్టేదాన్ని అట్ల పెడతారా? ఒక్క నొక్కు నొక్కి ఫోటోను అద్దంలో మాదిరి తిప్పినా. పలక మీద 'అ' తిరగబడితే దాన్ని చెరిపి సక్కగా రాసినా."

రంగ నవ్వు ఆగింది. చేతిలో గ్లాసు వంగి టీ మోకాలి మీద పడింది. కాలింది, కానీ దులుపుకోలేదు. రోడ్డవతల మిషన్ శబ్దం మారింది. కోసే పళ్లెం రాతిలోకి దిగినప్పుడు మాత్రమే వచ్చే శబ్దం అది.

"అన్నా, నిజంగానే తిప్పినావా?"

"తిప్పడమేందప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టీవీలోంచి సార్ నన్నే చూసినాడు. 'కృపావరం, నన్ను తిప్పే శ్రమ నీకెందుకు, నేనే తిరుగుతా' అని, సుద్దముక్కను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోని, తలకాయ సర్దుకోని, నన్ను చూసి నవ్వె."

మళ్లీ నవ్వులు. రంగ సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. మబ్బును చెవి పట్టి లాగినోడి మాట నమ్మి పని ఆపితే ఊరంతా నవ్వుతుంది. నమ్మకుంటే, ఆ ఒక్క మాటే నిజమైతే? మిషన్ లోపలికి లోపలికి పోతున్నట్టుంది.

"కావాలంటే సార్ భార్యనే అడుగుదాం," అని కృపావరం రంగ ఒళ్లో కాగితం లాక్కుని బాలమ్మ ముందర పరిచాడు. "చూడమ్మా, ఎంత సక్కగా ఉండాడో."

బాలమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని కాగితం మీదికి వంగింది. చాలాసేపు చూసింది.

"ఎవురప్పా ఈయన?"

ఆమె కాగితం మీద వేలు పెట్టి చూపించింది.

"మా ఆయన మాదిరే ఉండాడు గానీ మా ఆయన కాదు. పాపిడి ఈ పక్క కాదు. మచ్చ ఈ పక్క కాదు. ఆయనది పుర్రచెయ్యి. సుద్దముక్క ఎన్నడూ కుడిచేత పట్టింది లేదు."

రంగ గ్లాసు ఎక్కడ పడేశాడో అతనికే తెలియదు. నంద్యాల బస్సు హారన్ కొడుతుంటే దాని ముందరే రోడ్డు దాటి, షెడ్డులోకి దూకి, మిషన్ తీగ పీకేశాడు.

దుమ్ము దిగేదాకా ఏమీ కనబడలేదు. ఎడమ భుజం పైన, సుద్దముక్క పట్టిన చెయ్యి రావాల్సిన చోట, రాతిలో గాటు. రంగ అందులో చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా దిగిపోయింది.

"నువ్వే కదన్నా కోయమన్నావు," అన్నాడు అజయ్ కుమార్.

బాలమ్మ మెల్లగా వచ్చింది. వెనక అంగట్లో వాళ్లంతా వచ్చారు. ఆమె కాగితాన్ని వెనక్కి తిప్పి, వాకిట్లో ఎండకు ఎత్తి పట్టుకుంది. వెలుతురుకు సార్ ముఖం కాగితం వెనకనుంచి తేలింది. ఎడమచేతిలో సుద్దముక్కతో.

"ఇదో. వచ్చినాడు."

రంగ ఆ ముఖం చూసి, రాతిని చూసి, గాటులోంచి చెయ్యి తీయలేకపోయాడు. "చెయ్యి పైకెత్తేదానికి ఇంక రాయి లేదమ్మా. చెడగొట్టినాం."

బాలమ్మ రాయి దగ్గరికి పోయి, గాటు కింద, తన రొమ్ము ఎత్తులో అరచెయ్యి ఆనించింది.

"ఈడికి సాలు నాయనా. ఫోటో తీసేవాడు ఎత్తమంటే ఎత్తినాడు గానీ, బళ్లో ఆయన అంత పైన రాసేవాడే కాదు. పిల్లోళ్ల కండ్లకు అందేతట్టు వంగి కిందనే రాసేవాడు."

రంగ ఎర్రమట్టి ముద్ద తీసుకుని ఆమె చెయ్యి చుట్టూ గీత గీశాడు.

వాకిట్లో కృపావరం ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ తర్వాత..."

"ఆ తర్వాత ఏమైందో మాకు తెలుసులే అప్పా," అంది సుబ్బలక్ష్మమ్మ. "ఈ కోత రాతిలో మణికట్టు కాడనే ఆగింది. నీ కోత యాడ ఆగుతాదో సెప్పు."